నడకయు నిలుకడయు



నాలుగుకాళ్ళ పీట నెక్కడ వేసినను నిలుచును. నిచ్చెనకు రెండేకాళ్ళు, దానిని గోడకు చేరవేయనిదే నిలువదు. మనుష్యుడు నిచ్చెనవలె రెండుకాళ్ళవాడే యైనను గోడ యండ లేకుండ నిలుచుచున్నాడు. నిలుచుటయే గాదు. నెత్తిమీద నీళ్ళబిందెతో స్త్రీలు చెఱువుగట్టు దిగుచున్నారు. గడ్డిమోపు నెత్తుకొని రైతు జానెడు గట్టుమీద నడచిపోవుచున్నాడు. ఇదియంతయు మనము తలపోయకయే జరిగిపోవుచుండుటచే దీనిని గొప్ప నేర్పుగ భావింపము. వయస్సు మీఱి యొకనాడు కాలు తడబడినప్పుడు మాత్రమే దాని విలువ తెలియవచ్చును.

ఈ నేర్పు మనకెట్లు కలిగినది? ఏల తప్పిపోవును? తప్పిన దానిని తిరిగి సంపాదింపవచ్చునా? ఈ మూడు ప్రశ్నలకు నరముల వైద్యులును, భూమిని విడిచి అంతరిక్షమునకు పోయివచ్చినవారును ఇచ్చిన సమాధానములను నేటి ప్రసంగమున మీకు విన్నవించెదను.

మీలో పెక్కురు గ్రామములలో తగవులు తీర్చిన పెద్దలు. ధర్మము తెలిసిన పెద్దమనిషి ఒక్క సాక్షి మాటమీదనే తీర్పు చెప్పడు. మన మెదడును అట్లే చేయును. శరీరము నిటారుగ నున్నదా, వాలుచున్నదా యను విషయమున దానికి ముగ్గురు సాక్షులు గలరు. మొదటి సాక్షి కన్ను. గోడలు, స్తంభములు, చెట్లు ఎట్లున్నవో చూచి యది నిలువు తెలుపును. రెండవ సాక్షి చెవి. మూడవ సాక్ష్యము పాదములును, కీళ్ళును, కండరములును కలిసి చెప్పునది. నేల గట్టిదా మెత్తనిదా, మోకా లెంత వంగినది, మడమపై బరువెంత పడినది యను వార్త వెన్నుపాము ద్వారా పైకి పోవును. చిన్నమెదడును, మెదడులోని యితర భాగములును ఈ మూడు సాక్ష్యములను సరిచూచుకొని, ఏ కండను బిగింపవలెనో, దేనిని సడలింపవలెనో రెప్పపాటులో ఆజ్ఞ యిచ్చును.

చెవిని సాక్షిగ చెప్పుట కొందఱకు వింతగ దోచవచ్చును. లోపలిచెవిలో వినికిడితో సంబంధము లేని భాగ మొకటి కలదు. అందు అర్ధచంద్రాకారముగ వంగిన సన్నని గొట్టములు మూడు, గదిమూలలో రెండు గోడలును నేలయు కలిసినట్లు, మూడు దిక్కులకు అమర్చబడియున్నవి. వానినిండ ద్రవముండును. నీరున్న చెంబును గిరుక్కున త్రిప్పినయెడల చెంబు తిరుగును గాని నీరు వెనుకబడును. త్రిప్పుట మానినను నీరు కొంతసేపు తిరుగుచునే యుండును. తల త్రిప్పినప్పుడు ఈ గొట్టములలో జరుగునది యిదియే. ఆడుపిల్లలు ఒప్పులకుప్ప తిరిగి యాగినపిమ్మట ఇల్లంతయు తిరుగుచున్నట్లు తోచి తూలుట మీ రెఱుగుదురు. కాళ్ళు నిలిచినవి గాని చెవిలోని ద్రవము నిలువలేదు. సాక్షులు భేదించిరి, అందుచే కండ్లు తిరిగినవి.

ఆ గొట్టముల ప్రక్కనే రెండు చిన్నసంచులు గలవు. వానిలో జిగురువంటి పొరమీద సున్నపురాతి జాతికి చెందిన మిక్కిలి సన్నని కణికలు పఱచబడియున్నవి. తల వంచినప్పుడు వాని బరువు ఒకప్రక్కకు ఒఱగి, క్రింద నున్న వెండ్రుకలవంటి మొనలను వంచును. దానివలన ఏది మీదో ఏది క్రిందో మెదడునకు తెలియును. తాపీవాని రసమట్టము గోడకు చేయు పనినే ఈ కణికలు మన శరీరమునకు చేయుచున్నవి.

ఈ రహస్యము లోకమునకు మెల్లమెల్లగ తెలిసినది. 1820 తరువాతి పదేండ్లలో ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞుడు ఫ్లూరాన్సు పావురముల చెవిలోని యీ గొట్టములను కోసి చూచెను. అవి చెవిటివి కాలేదు గాని, తలలు విసరుచు గిరగిర తిరుగుచు నిలువలేకపోయినవి. అకస్మాత్తుగ కండ్లు తిరిగి పడిపోవువారికి మెదడు చెడినదని తలచి నెత్తురు తీయుచుండిన ఆ కాలమున, పారిసునగరమున చెవిటిమూగల విద్యాలయమునకు వైద్యుడైన మెనియే, దోషము చెవిలో నుండవచ్చునని 1861లో వెల్లడించెను. వియన్నాలో బారానీ యను వైద్యుడు చెవులు కడుగుచు, నీరు చల్లనిదైనను వేడిదైనను రోగికి తల తిరుగుచున్నదనియు, ఒంటివేడికి సరిపోయిన నీటివలన తిరుగుట లేదనియు కనిపెట్టెను. వేడి తగిలి చెవిలోని ద్రవము కదలుటయే దీనికి కారణమని గ్రహించెను. ఆయనకు 1914వ సంవత్సరపు నోబెలు బహుమానము ప్రకటింపబడినప్పుడు ఆయన రష్యావారి చేతిలో యుద్ధఖైదీగ నుండెను. 1916లో విడుదల పొందెను.

మూడవ సాక్షి విలువను బెర్లిను వైద్యుడు రోంబర్గు 1840–46 నడుమ ప్రకటించిన గ్రంథమున తెలిపెను. వెన్నుపాము చెడిన రోగిని పాదములు చేర్చి నిలువబెట్టి కన్నులు మూసికొనుమనగా అతడు వెంటనే తూలును. పాదముల వార్త మెదడునకు చేరుట లేదు. కన్నే యాతనిని నిలిపియుంచినది. ఈ పరీక్షను వైద్యులు నేటికిని చేయుచున్నారు. 1971లో పందొమ్మిదేండ్ల యువకు డొకడు జబ్బుపడి లేచునప్పటికి మెడనుండి క్రిందకు స్పర్శజ్ఞానమును, కాలుసేతు లెక్కడ నున్నవో తెలియు జ్ఞానమును కోల్పోయెను. కండలలో బలము పోలేదు. అయినను లేచి కూర్చుండలేకపోయెను. తన యవయవములను కంటితో చూచుచు, ప్రతి కదలికను ముందుగ తలపోయుచు, ఎంతో కాలము సాధనచేసి అతడు నడక నేర్చుకొనెను. నడచుచుండగ దీప మాఱినచో మాత్రము కుప్పకూలును.

ఇక రెండవ సాక్షియైన చెవి సాక్ష్యమే మాఱిపోయినచో నేమగును? ఈ పరీక్షకు అంతరిక్షయాత్ర అవకాశము కల్పించినది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము భూమికి సుమారు 400 కిలోమీటర్ల యెత్తున తిరుగుచున్నది. అక్కడ భూమ్యాకర్షణ లేకపోలేదు. ఇక్కడి యాకర్షణలో పదింట తొమ్మిదివంతులవఱకు కలదు. కాని యా కేంద్రమును, అందలి మనుష్యులును భూమిచుట్టు ఎడతెగక పడుచునే యుండుటవలన వారికి బరువు తెలియదు. తల యెటు వంచినను చెవిలోని కణికలు ఒఱగవు. పాదములకు నేల తగులదు.

1961 ఆగస్టులో సోవియట్ దేశీయుడు తితోవ్ వోస్తోక్-2 నౌకలో 25 గంటలు భూమిని చుట్టివచ్చెను. అతనికి తలతిరుగుడును, వికారమును కలిగినవి. అంతరిక్షములో నిట్టి బాధపడినట్లు తెలియవచ్చిన మొదటివా డతడే. తరువాత పోయినవారిలోను సగముకంటె నెక్కువమందికి మొదటి రెండుమూడు దినములు ఈ బాధ కలుగుచు వచ్చినది. తలక్రిందుగ తేలుచున్న తోటివానిని చూచి, తామే తలక్రిందులైనట్లు భ్రమపడినవారును గలరు. కొన్నిదినములకు మెదడు చెవి సాక్ష్యమును పూర్వమువలె పట్టించుకొనక కంటిమాట నెక్కువగ నమ్మ నేర్చుకొనును. అప్పుడు బాధ తగ్గును.

1998 ఏప్రిలులో నాడీమండల పరిశోధనకే యుద్దేశింపబడిన న్యూరోలాబ్ యాత్ర కొలంబియా నౌకలో జరిగెను. అందొక పరీక్ష మిక్కిలి సామాన్యమైనది. పైనుండి వచ్చు బంతిని యాత్రికుడు చేతితో పట్టవలెను. భూమిమీద పడు వస్తువునకు అంతకంతకు వేగము హెచ్చును. అంతరిక్షములో హెచ్చదు, బంతి ఒకే వేగముతో వచ్చును. ఇది కన్నులారా చూచుచుండియు యాత్రికుల చేతులు బంతి రాకముందే బిగిసినవి. భూమి లాగుననెడు లెక్క, పుట్టిననాటినుండి మెదడులో పాతుకొనిపోయినది. దినములు గడచినను ఆ పాతలెక్క పూర్తిగ తొలగిపోలేదు.

తిరిగివచ్చినప్పుడు కథ మరల మొదటికి వచ్చును. 2025 జూన్ 25న బయలుదేరి జూలై 15న తిరిగివచ్చిన మన దేశీయుడు శుభాంశు శుక్లా, కేంద్రమునకు చేరిన క్రొత్తలో తాను పసిపిల్లవానివలె నడచుటయు తినుటయు నేర్చుకొనుచున్నానని పలికెను. భూమికి వచ్చినపిమ్మట ఇతరుల యూతతో నడక సాధన చేయవలసివచ్చెను. కేంద్రమునందు నెలల తరబడి నివసించువారు ప్రతిదినమును సుమారు రెండుగంటలు వ్యాయామము చేయుదురు. అయినను దిగినవెంటనే కాళ్ళు ఎడముగ వేసి నడచుదురు. మలుపు తిరుగునప్పుడును, తల వంచినప్పుడును తూలుదురు. బలము వేఱు, నిలుకడ వేఱు. మొదటి కొన్నిగంటలలోనే చాలవఱకు కుదురుకొందురు. తక్కినది దినములమీద, దీర్ఘయాత్ర చేసినవారికి వారములమీద, చక్కబడును. అది చక్కబడునది పరుండుటవలన గాదు. నేలమీద నిలిచి నడచుటవలననే.

ఇందులో మనకు ముఖ్యమైన సంగతి యొకటి కలదు. అంతరిక్షమునకు పోకుండగనే ఆ మార్పులను తెలిసికొనుటకై అమెరికాలో ఆరోగ్యవంతులను, తలవైపు కొంచెము పల్లముగ నున్న మంచముపై 70 దినములు పరుండబెట్టి చూచిరి. వారి చెవులు భూమిని విడిచిపోలేదు. అయినను లేచిననాడు వారి నిలుకడ తగ్గియుండెను. మంచముమీదనే వ్యాయామము చేసినవారికి కండబలము చాలవఱకు నిలిచినది గాని, నిలుకడ నిలువలేదు. పాదములపై బరువు పడని దినము మూడవ సాక్షికి నోరులేని దినము.

ఇప్పుడు మన యిండ్ల సంగతి చూడుడు. మా పెదతండ్రిగారు డెబ్బదియెనిమిదవ యేట పెరటిలో కాలుజాఱి పడిరి. ఎముక విఱుగలేదు. ఇంటివారు ప్రేమచేత ఆయనను మంచము దిగనీయరైరి. నీళ్ళు, భోజనము, చుట్ట, సమస్తమును మంచముకడకే వచ్చుచుండెను. రెండునెలలు గడచునప్పటికి ఆయన గడప దాటలేకపోయిరి. అప్పుడు వైద్యుని సలహాపై ప్రతిదినము పంచలోని స్తంభము పట్టుకొని నిలుచుటయు, బల్లమీదనుండి లేచి కూర్చుండుటయు మొదలిడిరి. మొదట పది లెక్కించువఱకే నిలువగలిగిరి. నాలుగునెలలకు చేతికఱ్ఱతో రచ్చబండకు పోయి కూర్చుండిరి. పొలముగట్టు మరల ఎక్కలేదు. అయినను తన యూరు తనకు దక్కినది.

పడుట చిన్నవిషయము గాదు. పడుటవలన లోకమున ఏటేట 6 లక్షల 84 వేలమంది మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో తెలిపెను. వారిలో వృద్ధులే యెక్కువ. ప్రమాదమును ముందుగ గుర్తించు సులభమైన మార్గ మొకటి 1997లో స్వీడనుదేశపు పరిశోధకులు చూపిరి. 58 మంది వృద్ధులను నడచునప్పుడు మాటలలో పెట్టిరి. 12 మంది బదులు చెప్పుటకై నడక నిలిపివేసిరి. ఆ 12 మందిలో 10 మంది ఆఱునెలలలో పడిరి. నడకకే మనస్సంతయు వినియోగింపవలసి వచ్చుచున్నదనుటకు అది గుర్తు. మీ యింట నట్టివారుండిన, నడచునప్పుడు మాటలాడింపకుడు, వైద్యునకు చూపుడు.

పడకలో ప్రక్కకు తిరిగినప్పుడు కొద్దిసేపు ఇల్లు గిఱ్ఱున తిరిగినట్లుండుట వృద్ధులలో తఱచు కనబడును. ఇది గ్రహబాధయు గాదు, పిచ్చియు గాదు. సంచిలోని సున్నపుకణికలు ఊడి గొట్టములోనికి జాఱుటవలన కలుగునది. అమెరికా వైద్యుడు ఎప్లే 1992లో ప్రకటించిన పద్ధతిచొప్పున తలను వరుసగ కొన్ని దిక్కులకు త్రిప్పినచో అవి తిరిగి సంచిలోనికి చేరును. తెలిసిన వైద్యునిచేత కొన్ని నిమిషములలో అగు పని. కాని తలతిరుగుడుతోపాటు మూతి వంకరపోయినను, మాట తడబడినను, ఒకప్రక్క కాలుసేతులు పట్టుతప్పినను, ఒకటి రెండుగ కనబడినను ఆలస్యము చేయక 108 బండిని పిలిచి ఆసుపత్రికి పోవలెను.

వయస్సు మీఱినవారు నిలుకడను పెంచుకొనగలరా యను సందేహము వలదు. 2019లో 108 పరీక్షల ఫలితములను, ఇరువదిమూడువేలకు పైబడిన మనుష్యుల విషయమున, కూడి చూచిరి. వ్యాయామము చేసినవారిలో పడుటలు నూటికి 23 తగ్గినవి. ఇందులకు ధనము అక్కఱలేదు. ఒకరిని ప్రక్కన నుంచుకొని, స్తంభము పట్టుకొని, ఒక పాదము ముందు రెండవ పాదముంచి నిలువుడు. చేతు లూతక లేచుట యభ్యసింపుడు. కంటిలో శుక్లము లున్న తీయించుకొనుడు. రాత్రి పెరటిదారిలో దీప ముంచుకొనుడు. దీపములేని దారిలో మొదటి సాక్షి లేడు. నిద్రమందులును, రక్తపుపోటు మందులును తూలుడు కలిగించుచున్నవేమో వైద్యుని అడుగుడు.

భూమిని విడిచిపోయి వచ్చిన బలశాలియే అడుగు లెక్కించుకొనుచు నడక నేర్చుకొనుచుండగ, చేతికఱ్ఱ పట్టుకొనుటకు మనము సిగ్గుపడ నక్కఱలేదు. జబ్బు తగ్గినవానిని ప్రేమతో మంచముననే యుంచకుడు. ప్రేమతోనే లేపి నిలువబెట్టుడు.