పూరీలో దొరికిన ట్రంకు



పూరీ రైలు మన నిమ్‌పురావారికి పరాయిది కాదు. 1937 మార్చి 23న పూరీ స్టేషనులో, మూడవ తరగతి పెట్టెలో, యజమాని లేని ఉక్కుట్రంకు దొరికినది. అందు ఏడు ముక్కలైన కుర్రీ నూకరాజు దేహము! అతడు పిఠాపురము దివానుగారి వద్ద బంట్రోతు. బరంపురవాసి పాకాల నారాయణస్వామి భార్యకు 1936లో మూడువేలు అప్పిచ్చెను.

హత్యను చూచినవారు లేరు. మేజిస్ట్రేటు మొదట ముద్దాయిలను విడిచిపుచ్చెను. పిదప సెషన్సు విచారణలో నారాయణస్వామికి మరణశిక్ష పడినది. నూకరాజు తన యింట బస చేసెనని అతడు పోలీసులతో చెప్పిన మాటను 1939లో ప్రీవీ కౌన్సిలు సాక్ష్యమునుండి తొలగించినది. అయినను అప్పీలు కొట్టివేసినది.

మిగిలిన సాక్ష్యము చాలునా? అప్పొక్కటే అయినచో నేనొప్పను; మనలో బాకీ లేనివారెవరు? బాకీకై బరంపురము రమ్మని ఉత్తరము వచ్చినదని నూకరాజు భార్యతో చెప్పి బయలుదేరెను. ట్రంకును మార్చి 22న నారాయణస్వామి చాకలికి అమ్మితిమని దుకాణమువారు చెప్పిరి. నా మట్టుకు త్రాసు మొగ్గినది అచ్చటనే.