గోడ వాళ్లది, బొమ్మ ఎవరిది?



చామోర్షి తాలూకాలోని ఒక పల్లెకు గోడ బొమ్మ వేద్దామని వెళ్లినప్పుడు, మేము ముందే నమూనా గీసుకుని పోయాం. మంచి కాపరి, చుట్టూ గొర్రెలు, వెనుక అడవి. మాకు మేమే మెచ్చుకున్నాం. సిరోంచ వైపు నుంచి కోడలిగా వచ్చిన ఒక పెద్దమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇన్ని గొర్రెలు ఎవరివి బిడ్డా? మాకున్నవి మేకలే. తునికాకు ఏరేటోళ్లు ఏరి?" అని అడిగింది. అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. ఆ రాత్రే కాగితం చుట్టి సంచిలో పెట్టేశాం.

ఆ ప్రాంతం తెలియని యువతకు రెండు మాటలు. గడ్చిరోలి 1982లో చంద్రపూర్ నుంచి విడిపోయి జిల్లా అయింది. అక్కడ మరాఠీ, గోండి, మాడియా వినిపిస్తాయి. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థుల బెంగాలీ ఉంది, సిరోంచ వైపు మన తెలుగు. చాప్రాల దగ్గర వార్ధా, వైనగంగ కలిసి ప్రాణహిత అవుతాయి. కాళేశ్వరంలో మనం చూసే నీళ్లలో ఆ నీళ్లూ ఉన్నాయి. బొమ్మలు కూడా వాళ్లకు కొత్త కాదు. వైనగంగ ఒడ్డున మార్కండ గుళ్ల రాతిగోడల నిండా శిల్పాలే.

మరి ఏం గీయాలో ఎవరు తేల్చాలి? అదే జిల్లాలో మెండా లేఖ అనే గోండు పల్లె ఉంది. 2009లో సామూహిక అటవీ హక్కు పొందింది. అక్కడి గ్రామసభలో చేతులెత్తి లెక్కపెట్టరు, అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడతారు. మేమూ అలాగే కూర్చున్నాం. చాలా ఆలస్యమైంది, దాచడం ఎందుకు? మాలో కొందరికి విసుగొచ్చింది కూడా.

ఆ విసుగులోనే నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం చదువుకున్నాం. వట్టి పేర్ల జాబితా అని మనం దాటేసే అధ్యాయం అది. ఎవరింటి ఎదుట గోడ వాళ్లు కట్టుకున్నారు. కంసాలులు కట్టారు, షల్లూముతో పాటు అతని కుమార్తెలూ కట్టారు. తెకోవ ఊరి ఘనులు మాత్రం మెడ వంచలేదట. చేయి పెట్టనివాళ్ల సంగతి కూడా రాసిపెట్టారు చూడండి!

అసలు గొడవ మూడో కూటంలో వచ్చింది. పెద్దమ్మ "నా పుట్టింటి చేను వెయ్యండి, నీళ్లలో మునిగింది వెయ్యండి" అంది. మేడిగడ్డ బ్యారేజీ వెనుక నీళ్లకు పొలాలు మునుగుతున్నాయని సిరోంచ రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. 2022 జూలై వరద మనకూ గుర్తే. "అది మన ఊరి సంగతి కాదు, గోడ మీదికెక్కితే ఎవరో ఒకరు అడుగుతారు" అన్నారు కొందరు. ఆ భయాన్ని తేలిగ్గా తీసేయకండి. బొమ్మ వేసి బస్సెక్కి వచ్చేది మేము, జవాబు చెప్పుకోవలసింది వాళ్లు.

అమెరికాలో జూడీ బాకా అనే చిత్రకారిణి 1976లో లాస్ ఏంజిలిస్‌లో వరద కాలువ కాంక్రీటు గోడ మీద పని మొదలుపెట్టారు. నాలుగు వందల మందికి పైగా యువత, పెద్దలు కొన్ని వేసవుల పాటు అర మైలు పొడవున తమ జాతుల చరిత్ర గీశారు. ఆ కథ చెప్పాం. ఒక కుర్రాడు అడిగాడు: "వాళ్లకు రంగులు ఎవరు కొనిచ్చారు?" ఆ రోజు మా దగ్గర జవాబు లేదు.

చివరికి అందరూ ఒప్పుకున్నది ఇది: ప్రాణహిత గోడ పొడవునా పారుతుంది, చివర్లో ఒక చేను సగం నీళ్లలో ఉంటుంది, అక్షరాలేమీ ఉండవు. ఏ భాషలో రాయాలన్న తగువూ దాంతోనే తీరింది.

వానలు వెళ్లాక, గోడ ఆరాకే మొదలుపెట్టాం. పెచ్చులూడుతున్న పాత సున్నం గీకడానికే రోజులు పట్టింది. గీకకుండా రంగేస్తే ఏడాదికే రాలిపోతుంది. నేల చెమ్మ ఎక్కే కింది మూరెడును ఎర్రమట్టికి వదిలేశాం. అది ఆడవాళ్లు ఏటా అలుక్కుంటారు. తునికాకు కట్టలు కట్టే చేతులను ఆ చేతులున్నవాళ్లే గీశారు. వేళ్లు కొంచెం పెద్దగా వచ్చాయి, దిద్దబోతే వద్దన్నారు.

ఒక కుటుంబం మాత్రం తమ ఇంటి ఎదుటి భాగంలో ఏమీ వేయొద్దంది. అక్కడ తెల్లసున్నమే ఉంది. నది అక్కడిదాకా వచ్చి ఆగి, అవతల మళ్లీ మొదలవుతుంది.