అన్నప్రాశనము – మరునాటి ముద్ద



షోడశ సంస్కారములలో అన్నప్రాశన మొకటి. అంతవరకు శిశువునకు తల్లిపాలే ఆహారము, తల్లిపాలే జలము. ఆనాటితో బిడ్డకు భూమాత పంటతో సంబంధ మేర్పడును. తైత్తిరీయోపనిషత్తులో వరుణ పుత్రుడైన భృగువు తపస్సు చేసి, పరబ్రహ్మమును మొదట అన్నముగానే తెలిసికొన్నాడు. ప్రాణము, మనస్సు, విజ్ఞానము, ఆనందము ఆ తరువాతి మెట్లు. కనుకనే చిన్న పాయసపు గిన్నె ముందు గణపతి పూజయు, పుణ్యాహవాచనమును మన పెద్దలు విధించినారు.

వేడుక మీ రెరిగినదే. బిడ్డను మేనమామ ఒడిలో కూర్చుండబెట్టి, బంగారు ఉంగరముతోనో వెండి చెంచాతోనో పాయసమును నాలుకకు తాకింతురు. పిమ్మట పుస్తకము, కలము, బంగారము, కత్తి ఎదుట నుంచి, దేనిని పట్టుకొనునో చూతురు. కలము పట్టినచో తాతగారి ఆనందమునకు మేర యుండదు. మంచిదే. కాని మరునాడు ఆ బిడ్డ ఏమి తిన్నదని అడుగువా రెందరు? నా మనవి అంతయు ఆ మరునాటిని గురించియే.

పాయసము నాకించి, ఛాయాచిత్రములు తీయించుకొని, తిరిగి ఏడాది నిండువరకు పాలతోనే గడుపు గృహములు పెక్కు గలవు. "అరగదండీ" అందురు. గర్భమునుండి బిడ్డ తెచ్చుకొన్న ఇనుము నిలువ ఆరు నెలలకు తరిగిపోవును. తల్లిపాలలో ఇనుము స్వల్పము. అప్పటికి అన్నము తోడు కానిచో రక్తహీనత కలుగును, ఎదుగుదల మందగించును. ప్రాశన మనగా భుజింపజేయుట, నాకించుట కాదు.

ఇక కాలము. గృహ్యసూత్రములు ఆరవ మాసమును చెప్పినవి. ఆచారములో మగబిడ్డకు సరి మాసము, ఆడబిడ్డకు బేసి మాసము స్థిరపడినవి. వైద్యులు ఆరు నెలలు, అనగా 180 దినములు నిండవలె ననుచున్నారు. ఆడబిడ్డకు అయిదవ మాసముననే తొందరపడ నక్కరలేదు. ఏడవ మాసము ప్రవేశింపగానే చేసినచో బేసి మాసమును నిలుచును, వైద్యుల మాటయు నిలుచును. మగబిడ్డకు ఆరవ మాసము చివరి దినములలో ముహూర్తము పెట్టించుకొనుడు. మూఢము వచ్చినదనియు, మేనమామ అమెరికానుండి రావలెననియు పదవ మాసము వరకు ఆపుట మాత్రము తగదు. విందు ఆగిన ఆగనిండు. ఇంటి దేవునికి నైవేద్యము పెట్టి, ఆ ప్రసాదమునే తొలి ముద్దగా తినిపింపుడు. బంధువులు వచ్చిన నాడే వేడుక చేసికొనవచ్చును.

మరియొక మాట. సూత్రకారులు పెరుగు, తేనె, నేయి కలిపిన అన్నమును చెప్పినారు. ఇందు తేనెను విడిచిపెట్టుడని నా ప్రార్థన. తేనెలో ఒక్కొక్కప్పుడుండు సూక్ష్మబీజములు ఏడాది నిండని శిశువు ప్రేవులలో విషమును పుట్టింపగలవని వైద్యులు నిర్ధారించినారు. పండితులు నన్ను మన్నింతురు గాక! ఆయుష్షు కొరకే కదా సంస్కారము. పెరుగును నేయియు చాలును.

మలి దినమునుండి ఏమి పెట్టవలెను? బియ్యము, పెసరపప్పు మెత్తగా ఉడికించి, నేయి వేసి, శుభ్రముగా కడిగిన చేతితో మెదిపి పెట్టుడు. కొందరు తల్లులు పలుచని గంజి, పప్పుకట్టు పోయుదురు. అది చిన్న పొట్టను నింపును గాని బలమీయదు. చెంచా వంచినను జారిపోనంత చిక్కగా ఉండవలెను. మొదట రెండు మూడు చెంచాలు, దినమునకు రెండు మూడు పర్యాయములు. తొమ్మిది నెలలు నిండినప్పటినుండి మూడు నాలుగు పర్యాయములు. క్రమముగా ఆకుకూర, గుమ్మడి, రాగిసంకటి, అరటిపండు చేర్చుడు. ఉప్పు, చక్కెర ఏడాది వరకు వలదు. తల్లిపాలు మానిపింపరాదు, రెండేండ్లును, అంతకు మించియు ఈయవచ్చును.

బిడ్డ ముద్దను ఉమ్మివేసినచో, "మా వాడికి అన్నము సయింపదు" అని అమ్మమ్మలు తీర్పు చెప్పుదురు. నాలుకతో వెలుపలికి త్రోయుట ఆ వయస్సునకు సహజము. ఆ పూటకు గిన్నె తీసివేసి, మరునాడు మరల పెట్టుడు.