ఈస్టరు వేడుకలు – సార్బుల రంగుగ్రుడ్లు

(సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈస్టరు క్రైస్తవులకు పరమ పవిత్రమైన దినము. క్రీస్తు పునరుత్థాన పర్వము. పాశ్చాత్య సంఘములలో ఇది మార్చి 22, ఏప్రిల్ 25 తేదీల నడుమ వచ్చును. మన ఉగాదికి ఇంచుమించు ఇరుగుపొరుగు. ఆలయమున జరుగు ఆరాధన సంగతి అటుంచి, వెలుపల సాగు వినోదములను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదము.

పోలండులో పండుగ మరునాడు ఒకరిపై నొకరు నీళ్లు కుమ్మరించుకొందురు. పెండ్లిండ్లలో వసంతము లాడిన మనకు ఇది వింత గాదు. బెర్ముడా దీవిలో శుభ శుక్రవారమున గాలిపటము లెగురవేయుదురు. స్వీడనులో పిల్లలు మంత్రగత్తెల వేషములతో ఇంటింటికి తిరిగి మిఠాయిలు పుచ్చుకొందురు. నార్వే ప్రజలు ఆ సెలవులలో అపరాధపరిశోధక నవలలు చదువుదురు!

పెక్కు దేశములలో ఈ పండుగకు గుర్తు కోడిగ్రుడ్డు. పూర్వము నలువది దినముల ఉపవాసమున గ్రుడ్లు నిషిద్ధములు. ఉపవాసము మనుష్యులకే గాని కోళ్లకు లేదు గదా! పండుగ నాటికి గ్రుడ్లు గుట్టలు పడెడివి.

ఈ గ్రుడ్లను అపురూపముగ చిత్రించువారు సార్బులు. వీరు తూర్పు జర్మనీలోని లుసేషియా సీమయందు వేయేండ్లకు పైబడి నివసించుచున్న స్లావు జాతివారు. సుమారు 60,000 మంది యని అంచనా. చుట్టును జర్మను భాష. 1912లో స్థాపించుకొన్న ‘దొమొవినా’ సంఘమును 1937లో నాజీలు అణచివేసిరి. 1945లో అది మరల లేచినది.

పెద్దబాతు ఈక మొనను త్రికోణముగ కత్తిరించి, కరగిన మైనమున ముంచి, గ్రుడ్డుపై అద్ది, రంగులో వేయుదురు. మైనము తాకినచోట రంగు పట్టదు. మరల మైనము, మరల రంగు. తుదకు దీపపు సెగకు మైనము కరగించి తుడిచిన చిత్రము బయలుపడును. పూర్వము కోరమండల తీరపు అద్దకమువారును నీలిరంగు వేయునపుడు మైనమునే వాడెడివారు.

ఈస్టరు వేకువను కన్యలు ఏటికేగి మౌనముగ నీరు తేవలెను. దారిలో యువకులు వారిని నవ్వింపజూతురు. నోరు విప్పినచో ఆ నీటి మహిమ పోవునట!

అయితే మనము తలపోయవలసిన సంగతి వేరొకటి కలదు. బౌట్జెను ప్రాంతపు కాథలిక్కు సార్బులు ఆనాడు గుర్రములెక్కి, తమ భాషలోనే గీతములు పాడుచు ఊరేగుదురు. అచట ఇంటను వీధిని ఆ భాష నేటికిని వినవచ్చును. ఉత్తరమున కాట్‌బస్ పరిసరములలో గ్రుడ్ల చిత్రలేఖనము నిలిచియున్నది గాని, ఆ సీమ భాషను పలుకువారు మిగుల కొద్దిమంది. అందు పెక్కురు వృద్ధులు. అందుచేతనే 1998లో అచటి శిశువిహారమున పిల్లలతో సార్బు భాషయే మాటలాడు ‘వితాయ్’ పథకము నారంభించిరి. వితాయ్ అనగా స్వాగతము.

మదురలోనైనను, బళ్లారిలోనైనను, బరంపురములోనైనను, షోలాపురములోనైనను మన యిండ్ల ఉగాదిపచ్చడి మానలేదు. కాని దానిని పంచునపుడు పిల్లలను ఏ భాషలో పిలుచుచున్నాము? తీపి, పులుపు, ఉప్పు, కారము, చేదు, వగరు అను ఆరు మాటలు వారి నోట వచ్చునా? ఆచారము మిగిలి భాష పోవుట సాధ్యమే యని కాట్‌బస్ చెప్పుచున్నది. అచటి కన్యలు మాటలాడిన నీరు చెడునట. మనము మాటలాడకున్న భాష చెడును. రాబోవు ఉగాదినాడు పచ్చడి కలుపు పని పిల్లలకే అప్పగించి, వారిచేత తెలుగున చెప్పింతము.