దూరపు పరుగునకు తగిన వేళ

(వార్షిక మహాసభ రెండవనాటి విద్యార్థి సభలో గావించిన ఉపన్యాసము)



విద్యావ్యాప్తిని గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు మాటలాడుటకు ఈ సభలో నాకంటె పెద్దలు పెక్కుమంది గలరు. నేను పండ్రెండేండ్లుగా వసతిగృహపు పిల్లలచే వ్యాయామము చేయించుచున్నవాడను. కావున పరుగును గూర్చియే మనవి చేసెదను. అందును ఒక్కటే ప్రశ్న: దూరపు పరుగులో పిల్లవాని సత్తువను ఏ వేళ పరీక్షింపవలెను? ఇది అల్పమైన ప్రశ్నవలె తోచును. ఈ ప్రశ్నను వేసికొననందుననే నేనొక బాలునకు అన్యాయము చేసితిని. ముందుగా ఆ సంగతి చెప్పుకొందును.

మన దాతలలో ఒకరు, దూరపు పరుగులో మొదటివాడుగా వచ్చిన విద్యార్థికి ఏడాదిపొడుగున పాలకు, గ్రుడ్లకు, పరుగు జోళ్లకు అగు వ్యయమును భరింతుమని వాగ్దానము చేసిరి. పరీక్ష జరుపుట నా వంతయ్యెను. డిసెంబరు నెలలో ఒకనాడు తెల్లవారుజామున అయిదు గంటలకు పిల్లలను లేపి, అయిదున్నరకెల్ల చెరువుగట్టుమీద మూడువేల మీటర్లు పరుగెత్తించితిని. పదునారేండ్ల బాలుడొకడు కడపటివాడుగా వచ్చెను. వానికి రాత్రి పదునొకండు దాటినగాని కన్ను మూతపడదని నేనెరుగుదును. ఎరిగియు పదిమందిలో వానిని సోమరి యంటిని. సహాయము మరియొకనికి పోయెను.

రెండు నెలల పిమ్మట సాయంకాలము అయిదున్నరకు జరిగిన పాఠశాలల పోటీలో ఆ బాలుడే అదే దూరమును అందరికంటె ముందుగా ముగించెను. చెరువుగట్టుమీద వానిని గెలిచినవాడు మూడవవాడయ్యెను. పిల్లవాడు బాగుపడినాడని మొదట సంతోషించితిని. తరువాత సందేహము కలిగి, గడియారము చేతబట్టి, ఉభయులను ఒకనాడు ప్రొద్దుట, వేరొకనాడు సాయంత్రము, మార్చి మార్చి పరుగెత్తించితిని. సోమరియని నేను నిందించిన బాలుడు ఉదయము 12 నిమిషముల 40 సెకండ్లు, సాయంకాలము 11 నిమిషముల 50 సెకండ్లు తీసికొనెను. రెండవవానికి ఏ వేళనైనను పది సెకండ్ల భేదమే. నేను ఆనాడు కొలిచినది బాలుని సత్తువను మాత్రమే కాదు, వాని నిద్రను గూడనని అప్పుడు తెలిసికొంటిని.

ప్రాణికి లోపల నొక గడియారము కలదను మాట క్రొత్తది కాదు. 1729 లో ఫ్రాన్సు దేశపు పండితుడు ద మెరాన్ అత్తిపత్తి మొక్కను చీకటిలో దాచి, వెలుగు సోకకున్నను అది పగటివేళ ఆకులు విప్పుటను, రాత్రివేళ ముడుచుటను చూచెను. ఆ గడియారము జీవకణములలో నడచు విధమును పండ్లపై ముసురు చిన్న యీగలలో కనుగొన్నందులకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అను మువ్వురు 2017 లో నోబెల్ బహుమానమును పొందిరి. మనుష్యునిలో దాని ముఖ్యస్థానము మెదడు అడుగున, రెండు కన్నుల నరములును కలిసికొను చోటికి కొంచెము పైన నున్నది. కన్నులబడు వెలుగే ప్రతిదినము దానిని సరిదిద్దును.

ఈ గడియారము ననుసరించి మన దేహపు వేడిమి తెల్లవారుజామున నాలుగైదు గంటలవేళ మిక్కిలి తక్కువగాను, సాయంకాలము అయిదు మొదలు ఏడు గంటలలోపల మిక్కిలి ఎక్కువగాను ఉండును. భేదము అరడిగ్రీ మొదలు ఒక డిగ్రీ సెంటిగ్రేడు వరకే. ఆ కొంచెపు వేడిమిచేతనే కండరములు చురుకుగా ముడుచుకొనును, నరములలో వార్త త్వరగా పారును, కీళ్లు సడలును. అందుచేత ఎగురుటయు, విసరుటయు, చిన్న పరుగులును సాయంకాలమే చక్కగా సాగును.

దూరపు పరుగు సంగతి ఇంత తేలిక కాదు. గుండెయు ఊపిరితిత్తులును గొనిపోగల ప్రాణవాయువు యొక్క పరమావధి ఉదయమునకు సాయంకాలమునకు అంతగా మారదు. పిల్లలు దమ్మనునది వేళనుబట్టి పూర్తిగా తగ్గిపోవునది కాదు. ఇక్కడ మనిషికి మనిషికిగల భేదమే ముఖ్యము. ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమువారు ఇరువదిమంది హాకీ క్రీడాకారులను ఉదయము 7 గంటలు మొదలు రాత్రి 10 గంటల వరకు ఆరు వేర్వేరు వేళల ఇరువది మీటర్ల గీతలనడుమ దమ్మున్నంతసేపు పరుగెత్తించి, 2015 లో ఫలితమును ప్రకటించిరి. పెందలకడ లేచు స్వభావముగలవారు మధ్యాహ్నము పండ్రెండు ప్రాంతమున, నడిమితరగతివారు సుమారు నాలుగు గంటలకు, ప్రొద్దెక్కి లేచువారు రాత్రి ఏడున్నర దాటిన పిమ్మట తమతమ శ్రేష్ఠమైన పరుగును చూపిరి. ఒక్క మనిషియందే దినములో నూటికి 26 వంతుల వరకు తారతమ్యము కనబడెను. గడియారములో ఎన్ని గంటలైనవనుటకంటె, తన సహజమైన మేల్కొలుపు వేళనుండి ఎన్ని గంటలు గడచినవనుటయే ముఖ్యమని వారు తేల్చిరి.

ఇక వయస్సు సంగతి. మీసకట్టు వచ్చు వయస్సున, బాలికలకు ఈడు వచ్చినప్పుడును, ఈ లోపలి గడియారము వెనుకకు జరుగును. నిద్రను బిలుచు రసము రాత్రి ఆలస్యముగా ఊరును. పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల వారికి రోజునకు 8 మొదలు 10 గంటల నిద్ర కావలెనని వైద్యులందురు. పదునొకండింటికి పరుండినవానిని అయిదింటికి లేపిన ఆరు గంటలే దక్కినవి. చేతి ఫోను వచ్చిన పిమ్మట ఆ ఆరును దక్కుట అరుదు. తాతలనాడు బ్రాహ్మీముహూర్తమున లేచెడివారు గదా యని పెద్దలందురు. నిజమే. వారు దీపములు పెట్టిన గడియకెల్ల పరుండెడివారు కూడ.

అట్లని ఉదయపు పరుగు మానుకొనుడని నేను చెప్పుట లేదు. మన యెండలు మన యెదుట నున్నవి. దేహపు వేడి ఒక మేర దాటగానే మెదడే కాళ్లను నెమ్మదింపజేయును. ఉదయము దేహము అరడిగ్రీ చల్లగా బయలుదేరును గనుక ఆ మేరను చేరుటకు ఎక్కువసేపు పట్టును. మార్చి మొదలు జూను వరకు మన ప్రాంతమున సాయంకాలము ఆరింటికిని నేల సెగలు గ్రక్కుచునే యుండును. కోస్తాలో తెల్లవారుజామున తేమ హెచ్చు, చెమట ఆరదు. అయినను తలమీద సూర్యుడు లేకుండుట గొప్ప మేలు. 2019 సెప్టెంబరు 27 వ తేదీని దోహా నగరమున స్త్రీల మారథాను పరుగును నడిరేయి ప్రారంభించినను, ఉక్క భరింపలేక, 68 మందిలో 28 మంది మధ్యనే నిలిచిపోయిరి. టోక్యో ఒలింపిక్సు మారథానును ఉత్తరమున సప్పొరో నగరమునకు తరలించియు, 2021 ఆగస్టు 7 న స్త్రీల పరుగును ఎండకు వెరచి ఏడు గంటలకు బదులు ఆరు గంటలకే జరిపిరి. వేసవిలో మనకును ఉదయమే శరణ్యము.

మరియొక కారణమును కలదు. మన పిల్లలలో పెక్కుమంది ఆశించునవి పోలీసు, సైనికోద్యోగములు. అందు 1600 మీటర్ల పరుగు సాధారణముగా ప్రొద్దుటనే పెట్టుదురు. వేళ మార్చుడని మనము వారిని కోరలేము. అయితే ఏ వేళ నిత్యము సాధన చేసిన ఆ వేళకు దేహము అలవడునని పరీక్షలవలన తెలియుచున్నది. కొన్ని వారములు ఉదయమే పరుగెత్తినవానికి ఉదయపు మందము చాలవరకు తీరును. సాయంకాలము మాత్రమే సాధన చేసి పరీక్షనాడు మొదటిసారి చీకటితో పరుగెత్తువాడు నష్టపోవును. ఉదయము కండరములను వేడిచేసికొనుటకు సాయంకాలముకంటె పది నిమిషములైన అధికముగా కేటాయింపవలెను. నేను ఆనాడు ఆ పిల్లలకు అయిదు నిమిషములైన ఇయ్యలేదు.

ఇప్పుడు దాతలకు నా విన్నపము. వసతిగృహములో దీపములు రాత్రి తొమ్మిదిన్నరకు ఆర్పి, ఫోనులను కార్యాలయపు బీరువాలో ఉంచుటకు అనుమతి దయచేయుడు. మేల్కొలుపు గంటను వేసవిలో అయిదింటికి, తక్కిన నెలలలో ఆరింటికి కొట్టింతుము. మరియొక మాట చెప్పుటకు జంకుచున్నాను. తాము దయతో వసతిగృహమునకు విచ్చేసి, విందు చేయించి, పిల్లలకు హితోపదేశము చేయు రాత్రులలో సభ పదునొకండు గంటలకుగాని ముగియుట లేదు. ఉపన్యాసములను విందునకు ముందే ముగించిన పిల్లలు రెండింటిని ఆదరముతో స్వీకరింతురు.

సహాయమునకై జరుపు పరుగుపరీక్షను ఈ సంవత్సరమునుండి వారము వ్యవధిలో రెండుమారులు, ఒకటి ఉదయము ఆరున్నరకు, ఒకటి సాయంకాలము అయిదున్నరకు పెట్టి, ప్రతివాని రెండు పరుగులలో మేలైనదానినే లెక్కించుటకు నిశ్చయించితిమి. మొదట వాగ్దానము చేసిన దాతగారు దీనికి సమ్మతించుటయే గాక, మరియొక విద్యార్థి వ్యయమును గూడ భరింతుమనిరి. ఆ బాలుడు ఇప్పుడు పై చదువునకు పోయినాడు. వాని క్షమాపణను నేను వేడుకొంటిని. ఆ యేటి పాలు, జోళ్లు మాత్రము వానికి ముట్టలేదు. పరీక్ష డిసెంబరు రెండవ వారములో చెరువుగట్టుమీద జరుగును. దాతలు రెండు పూటలును దయచేయవలెనని ప్రార్థన.