ముందు బాధితుల మాట

జిల్లా కోర్టులో జీవితమంతా క్రిమినల్ కేసులు నడిపిన ఒక న్యాయవాది స్మృత్యర్థం ఏర్పడిన నిధి ప్రసంగం ఇది. తీర్పు వెలువడ్డాక అందరూ ముద్దాయి సంగతి మాట్లాడుకుంటుంటే ఆయన మాత్రం దెబ్బతిన్న కుటుంబం ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లేవారని ఎరిగినవారు చెబుతారు. అందుకే ఈ ఏడు నేరం వల్ల నష్టపోయినవారికి అందే పునరుద్ధరణ న్యాయ సేవల గురించి, అంటే బాధితులూ నేరం చేసినవారూ ఇష్టపడితే మాట్లాడుకుని జరిగిన నష్టాన్ని సరిదిద్దుకునే వీలు కల్పించే సేవల గురించి మాట్లాడదలిచాను.

మన కోర్టుల్లో నేరమంటే ప్రభుత్వానికీ ముద్దాయికీ మధ్య నడిచే వ్యవహారం. దొంగలు పడ్డ ఇంటి మనిషి సాక్షుల పట్టికలో ఒక నంబరు. సమన్లు వస్తే హాజరు కావాలి, అడిగినదానికే జవాబు చెప్పాలి, వాయిదా పడితే బస్సెక్కి తిరిగి వెళ్లాలి. ‘మా ఇంటికే ఎందుకొచ్చాడు? మళ్లీ వస్తాడా? మా అమ్మ గొలుసు ఏం చేశాడు?’ అనే ప్రశ్నలకు చార్జిషీటులో చోటుండదు. నార్వే నేరశాస్త్రవేత్త నీల్స్ క్రిస్టీ 1977లో రాసిన వ్యాసంలో, వివాదం అందులో చిక్కుకున్న మనుషుల సొత్తనీ, ప్రభుత్వమూ న్యాయవాదులూ దాన్ని వాళ్ల చేతుల్లోంచి లాగేసుకున్నారనీ వాదించాడు. ఆ మాట మన వృత్తివాళ్లందరికీ గుచ్చుకోవలసిందే.

అంతకు మూడేళ్ల ముందు, 1974లో, కెనడా ఆంటారియో రాష్ట్రంలోని ఎల్మైరా అనే చిన్న ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు తాగి ఒక్క రాత్రిలో 22 చోట్ల విధ్వంసం చేశారు. టైర్లు కోశారు, కిటికీలు పగలగొట్టారు. వీళ్లు వెళ్లి బాధితులను ముఖాముఖి కలిస్తే మేలని ప్రొబేషన్ అధికారి మార్క్ యాంట్జీ సూచించాడు, జడ్జి గోర్డన్ మెకానెల్ ఒప్పుకున్నాడు. కుర్రాళ్లు గడపగడపకూ వెళ్లి తప్పు ఒప్పుకున్నారు. కొన్ని నెలల్లో నష్టపరిహారం కట్టారు. బాధితులనూ నేరం చేసినవారినీ కలిపే ఆధునిక కార్యక్రమాలకు ఇదే నాంది అంటారు. తర్వాత న్యూజిలాండ్ 1989 చట్టంతో కుటుంబ సమావేశాలను బాలల న్యాయవ్యవస్థకు కేంద్రంగా చేసింది. బెల్జియం 2005 చట్టంతో ఏ నేరంలోనైనా, ఏ దశలోనైనా మధ్యవర్తిత్వం కోరే వీలు కల్పించింది.

అయితే ఎల్మైరాలో కుర్రాళ్లు నేరుగా తలుపు తట్టారు. తలుపు తీసేవాళ్లను ముందుగా సిద్ధం చేసే పద్ధతి అప్పటికి లేదు. ఈ ఉద్యమం పుట్టింది ప్రధానంగా నేరం చేసినవాణ్ని దారిలో పెట్టాలన్న తపనతో. బాధితుల అవసరమే మొదటిదన్న గ్రహింపు అనుభవం మీద వచ్చింది. ఇవాళ ఈ సేవలో పనిచేసేవారి నైపుణ్యమంతా సమావేశానికి ముందే కనిపిస్తుంది.

ఈ సేవలో పనిచేసే కార్యకర్త మొదట బాధితురాలిని ఆమెకు అనువైన చోట విడిగా కలుస్తుంది. తొందరపెట్టకుండా వింటుంది. ఏం అడగాలనుకుంటున్నారు, పక్కన ఎవరు ఉండాలి, గదిలోకి ముందు ఎవరు రావాలి, తలుపు దగ్గరి కుర్చీ ఎవరికి అని అడుగుతుంది. అవతలివాణ్ని వేరుగా కలిసి, చేసినదాన్ని ఒప్పుకుంటున్నాడో లేదో తేల్చుకుంటుంది. తప్పు బాధితురాలిదేనని వాదించేవాణ్ని ఆమె ఎదుట కూర్చోబెట్టదు. ముఖం చూడటం ఇష్టంలేనివారికి ఉత్తరం ఉంది, కార్యకర్త ద్వారా కబురు ఉంది. వద్దనుకుంటే వద్దు, మధ్యలో లేచిపోయినా తప్పులేదు. క్షమించమని ఎవరూ అడగకూడదు. ఈ జాగ్రత్తల్లో ముఖ్యమైనవి ఐరోపా సమాఖ్య 2012 బాధితుల ఆదేశంలోని 12వ అధికరణంలో ఉన్నాయి: అన్నీ తెలిసి ఇచ్చిన, ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల సమ్మతి, నేరం చేసినవాడి ఒప్పుకోలు, గోప్యత. ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో ఇలాంటి సమావేశాలపై జరిగిన ప్రయోగం ఇంకో పాఠం నేర్పింది. సమావేశం జరుగుతుందని మాటిచ్చి జరపకపోతే బాధితులు మరింత నొచ్చుకుంటారు. కాబట్టి ఖాయం కానిదాన్ని ఆశపెట్టకూడదు.

ఇంత శ్రద్ధకు ఫలితం ఉందా? ఉంది. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోయానా షాప్‌లాండ్ బృందం చేసిన అధ్యయనంలో, సమావేశాల్లో పాల్గొన్న బాధితుల్లో 85 శాతం మంది సంతృప్తి చెప్పారు. లండన్‌లో దోపిడీలకూ ఇళ్లలో దొంగతనాలకూ గురైనవారిపై జరిగిన ప్రయోగంలో, నేరం చేసినవాణ్ని కలిసినవారిలో మానసిక ఆఘాత లక్షణాలు తక్కువగా కనిపించాయి.

ఇది విని మన ఊళ్లలో రచ్చబండ ఎప్పటినుంచో ఉందిగా అనేవారుంటారు. వారితో నేను ఏకీభవించను. పెద్దమనుషుల పంచాయితీలో తీర్మానం ముందే సిద్ధంగా ఉంటుంది, బాధితురాలు వేలిముద్ర వేయడమే తరువాయి. కులబలం, డబ్బు, పరువు భయం కలిసి ‘కేసు వాపసు తీసుకోమ్మా’ అనిపిస్తాయి. అత్యాచార కేసుల్లో రాజీని లెక్కలోకి తీసుకోరాదని సుప్రీంకోర్టు 2013లో శింభు కేసులోనూ, 2015లో మదన్‌లాల్ కేసులోనూ చెప్పింది. లైంగిక దాడి ఆరోపణ ఉన్నవాడు బాధితురాలి ఇంటికి వెళ్లి రాఖీ కట్టించుకోవాలన్న మధ్యప్రదేశ్ హైకోర్టు బెయిలు షరతును 2021లో అపర్ణా భట్ కేసులో సుప్రీంకోర్టే కొట్టేసింది. బాధితురాలి నోరు నొక్కే ఏ ఏర్పాటుకూ పునరుద్ధరణ అనే కొత్త చొక్కా తొడగనివ్వకూడదు.

మరి మనం ఎక్కడ మొదలుపెట్టాలి? చట్టం ఇప్పటికే ఇచ్చినదాన్ని అందించడంతో. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్ ప్రకారం దర్యాప్తు పురోగతిని 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకో బాధితులకో పోలీసులు తెలియజేయాలి. 396వ సెక్షన్ కింద బాధితుల పరిహార పథకం ఉంది, దాన్ని నడిపించే న్యాయసేవాధికార సంస్థలు ప్రతి జిల్లాలో ఉన్నాయి. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం పోలీసు, వైద్య, న్యాయ, కౌన్సెలింగ్ సాయాన్ని ఒకే చోటికి తెచ్చి, తలచుకుంటే చేయగలమని చూపింది.

జిల్లా న్యాయసేవాధికార సంస్థల పెద్దలకు నా విన్నపం: బాధితులు కోరితే వారి ప్రశ్నలను అవతలివారికి చేర్చి జవాబు తేగలిగేలా శిక్షణ పొందిన మనుషులను సిద్ధం చేయండి. బాలనేరస్థుల ఆస్తి నేరాలతో మొదలుపెట్టండి. లైంగిక హింసను, కుల దాడులను దీని దరిదాపులకు రానివ్వకండి. విద్యార్థులారా, రేపు మీరు ఏ పక్షాన వకాల్తా వేసినా, కేసు ఎక్కడిదాకా వచ్చిందో, తర్వాత ఏం జరగబోతోందో బాధితులకు అర్థమయ్యే తెలుగులో చెప్పేవారు ఒకరుండేలా చూడండి. ఆ పనికి కొత్త చట్టం అక్కర్లేదు.