తలకిందుల కెమెరా

(ఫొటోగ్రఫీ వేదికపై చేసిన ప్రసంగ పాఠం)



ఫొటోగ్రఫీ మీద మాట్లాడమని నిర్వాహకులు ఫోన్ చేసినప్పుడు ముందు వద్దనే అన్నాను. వారమంతా నేను రాసేది కోడు, వారాంతంలో తీసేది పిల్లల పుట్టినరోజు ఫొటోలు. "అది కాదండీ, మీ నాన్నగారి కెమెరా సంగతి చెప్పండి, చాలు" అన్నారు. సరే, అదైతే చెప్పగలను.

కెమెరా పేరు కెనొనెట్ క్యూఎల్17 జి-త్రీ. కెనన్ వాళ్ళు 1972లో తెచ్చిన మోడలు. 620 గ్రాములు. నేను పుట్టిన ఏడాది, 1979లో, మా మేనమామ కువైట్ నుంచి సెలవులకి వస్తూ నాన్నగారికి పట్టుకొచ్చాడు. తెనాలి దగ్గర పల్లెటూళ్ళో నాన్నగారు హైస్కూలు సైన్సు మాస్టారు. బడిలో గ్రూపు ఫొటోలు, ఊళ్ళో ఓణీల ఫంక్షన్లు, ఎవరింట్లోనైనా దూడ పుడితే ఆ దూడ, అన్నీ ఈ కెమెరాతోనే. మా ఇంటి ఆల్బమ్‌లో ఆయన మాత్రం నాలుగైదు చోట్ల కంటే కనబడరు. ఎప్పుడూ వెనకాలే కదా!

ఈ తరం పిల్లల కోసం ఒక్క మాట. ఇది రేంజ్‌ఫైండర్ కెమెరా. వ్యూఫైండరులోంచి చూస్తే మధ్యలో చిన్న పసుప్పచ్చ మచ్చ ఉంటుంది. అందులో బొమ్మ రెండుగా కనిపిస్తుంది. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పుతూ ఆ రెండు బొమ్మల్నీ ఒకదాని మీదకి ఒకటి తెస్తే ఫోకస్ కుదిరినట్టు. అంటే ఎడమ చెయ్యి లెన్సు మీద, కుడి చూపుడు వేలు మీట మీద, కుడి బొటనవేలు ఫిల్ము తిప్పే లీవరు మీద. మీటా లీవరూ రెండూ కుడివైపే. కుడి చెయ్యి ఉంటుందనే నమ్మకంతో చేసిన వస్తువు.

2021లో నాన్నగారూ అమ్మా న్యూజెర్సీలో మా దగ్గరకి వచ్చారు. మూడో నెలలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పూర్తిగా, కుడి కాలు సగం, మాట ముప్పావు పోయాయి. కాలు నాలుగు కాళ్ళ కర్ర సాయంతో కొంత తిరిగొచ్చింది. మాట ఒకటీ రెండూ పదాలుగా వచ్చింది. చెయ్యి రాలేదు.

ఒకరోజు ఆఫీసు కాల్ ముగించి కిందకి వచ్చేసరికి ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఒళ్ళో కెమెరా. ఎడమ చేత్తో తన కుడి చెయ్యి పైకెత్తి, ఆ చూపుడు వేలు తెచ్చి మీట మీద పెడుతున్నారు. వేలు జారిపోతోంది. మళ్ళీ పెడుతున్నారు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయి, చప్పుడు చెయ్యకుండా మళ్ళీ మేడెక్కేశాను.

మీలో చాలామందికి వచ్చే ప్రశ్నే నాకూ వచ్చింది: ఫోనుంది కదా? ఎడమ చేత్తో పట్టుకుని పక్క బటన్ నొక్కితే ఫొటో పడుతుంది. కొత్త ఫోను కొనిచ్చాను. రెండు రోజులు చూసి బల్ల మీద పెట్టేశారు. ఎందుకు నాన్నా అంటే, కాసేపు వెతుక్కుని రెండు మాటలు చెప్పారు. "బరువు లేదు."

ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, ఊరుకుంటానా? త్రీడీ ప్రింటరు మీద పిస్తోలు పిడిలాంటి హ్యాండిల్ చేశాను. కెమెరా అడుగున ట్రైపాడ్ బిగించే చోట దాన్ని బిగించి, మీటకి కేబుల్ రిలీజ్ తగిలించి, ఆ తీగని వంచి పిడిలోకి తెచ్చాను. బొటనవేలితో నొక్కితే చాలు. నా చేతిలో అద్భుతంగా పనిచేసింది. ఆయన చేతిలో తూలిపోయింది. బరువంతా పైన, పట్టు కింద. నొక్కిన ప్రతిసారీ కెమెరా తల ఊపేది. రెండోది ఇంకాస్త లావుగా చేశాను. మూడోది మణికట్టుకి పట్టీతో చేశాను. మూడోదాన్ని చూసి ఆయన "తుపాకీ" అని నవ్వి పక్కన పెట్టారు. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, మూడు మోడళ్ళలోనూ ఒక్కసారి కూడా నా కుడి చెయ్యి జేబులో పెట్టుకుని పరీక్షించలేదు.

ఆ మర్నాడు ఆయనే దారి కనిపెట్టారు. కెమెరాని తలకిందులు చేశారు.

ఇంతే. తిప్పి చూడండి మరి. కుడివైపు పైనున్న మీట ఇప్పుడు ఎడమవైపు కిందకి వచ్చింది. నాలుగు వేళ్ళు పైన, అంటే కెమెరా అడుగు మీద. బొటనవేలు కింద, మీట మీద. చిటికెడు ఉప్పు తీసినట్టు రెండు వైపులా సమానంగా అదుముతాం గనక కెమెరా కదలదు. నా పిడిలో లేనిది ఇదే. ఫిల్ము లీవరు కూడా అక్కడికే వచ్చింది, బొటనవేలితో బయటికి తోయడమే. దానికి మాత్రం ఆయన కెమెరాని ఒళ్ళో ఆనించుకుంటారు.

వ్యూఫైండరులో బొమ్మ తిరగబడదా అని మా అమ్మాయి అడిగింది. తిరగబడదు. కళ్ళజోడు తిరగేసి పెట్టుకుంటే లోకం తలకిందులవుతుందా? ఇదీ అంతే, లోపల గీతలు మాత్రం తిరుగుతాయి. అయితే కన్ను మారాలి. వ్యూఫైండరు కుడివైపు కిందకి వచ్చింది గనక ఎడమ కంటితో చూడాలి. అప్పుడు కెమెరా ఒళ్ళంతా నుదుటికి ఆనుకుంటుంది. ఒక చెయ్యి పోయినచోట నుదురు ఆసరా అయింది.

ఇక మిగిలింది నా పని. దాన్ని ఆయన చెబుతుంటే చేశాను, ఈసారి బుద్ధిగా. పాత తోలు బెల్టు ముక్క ఒకటి కోసి, ఒక కొస పావంగుళం మరతో ట్రైపాడ్ రంధ్రానికీ, రెండో కొస మెడపట్టీ తగిలించే కొక్కేనికీ బిగించాను. నాలుగు వేళ్ళూ దాని కిందకి దూరతాయి. వేళ్ళు వదులైనా కెమెరా జారదు. మీటకి నడుమ మర ఉంటుంది. అందులో పుట్టగొడుగు ఆకారం బిళ్ళ ఒకటి తిప్పి బిగిస్తే బొటనవేలికి తడుముకోకుండా దొరుకుతుంది. మొత్తం ఖర్చు పదిహేను డాలర్లు దాటలేదు. ముందు చేసిన పిడులకి ఎంతయిందో అడక్కండి.

ఫోకస్ సంగతి. ఒక్క చేత్తో పట్టుకుని రింగు తిప్పడం కుదరదు. దీని లెన్సు 40 మిల్లీమీటర్లు. అపర్చర్ ఎఫ్/8 దగ్గర పెట్టి, దూరం 10 అడుగులకి పెడితే సుమారు 7 అడుగుల నుంచి 17 అడుగుల దాకా స్పష్టంగానే వస్తుంది. ఆ పది అడుగుల గుర్తు మీద మా ఆవిడ ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టింది. 400 స్పీడు ఫిల్ముతో చెట్టు నీడలో 1/250 సెకను సరిపోతుంది. ఇందులో మీటరు పాదరసం బ్యాటరీతో నడిచేది. 1996 చట్టం తర్వాత అమెరికాలో అవి అమ్మరు. చెవి మిషన్లలో వేసే జింక్ బ్యాటరీతో కొందరు సరిపెడతారు. మాకు అవసరం పడలేదు. షట్టరుకి బ్యాటరీ అక్కర్లేదు, నాన్నగారికి మీటరు అక్కర్లేదు.

ఇంట్లో తీయాలంటే మాత్రం కష్టమే. అపర్చర్ బాగా తెరవాలి, తెరిస్తే ఫోకస్ వెంట్రుకవాసిలో ఉంటుంది. దానికి ఆయన చేసేది చూసి తీరాలి. ఒళ్ళోనే రింగు నాలుగడుగులకి తిప్పి పెట్టుకుంటారు. తర్వాత కెమెరా కంటికి ఆనించి, కుర్చీలో కూర్చునే కాస్త ముందుకీ కాస్త వెనక్కీ వంగుతారు. రెండు బొమ్మలూ కలిసిన క్షణాన నొక్కుతారు. వేళ్ళతో చేసే పని నడుముతో చేస్తారన్నమాట. పదిలో నాలుగు చెడతాయి. మామూలుగా ఫిల్ము ఎక్కించడం పెద్ద తంటా గానీ, క్యూఎల్ అంటే క్విక్ లోడింగే కదా, కొస గుర్తుదాకా లాగి తలుపు మూస్తే చాలు, అదే పట్టుకుంటుంది. ఆ పనికి ఎవర్నీ రానివ్వరు.

మొదటి రోలు కడిగించి స్కాన్లు తెప్పిస్తే, ముప్పైఆరు ఫొటోలూ తలకిందులే. సహజమే. ఒక్కొక్కటీ తిప్పుకుంటూ చూశాం. వాటిలో పంతొమ్మిది అమ్మవి. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, మందుల డబ్బాలో వారానికి సరిపడా మాత్రలు సర్దుతూ, సోఫాలో కూర్చునే నిద్రపోతూ. ఆ ఎనిమిది నెలల్లో అమ్మ అంత చిక్కిపోయిందని నాకు ఆ రోలు చూసేదాకా తెలియదు. అదే ఇంట్లో ఉంటున్నాను! ఆ సోమవారమే ఏజెన్సీకి ఫోన్ చేసి పగటిపూట మనిషిని పెట్టించాను.

తర్వాత ఓ రాత్రి ఇలాంటి కెమెరాల గురించి చదువుతుంటే జాన్ గ్లెన్ దొరికాడు. 1962 ఫిబ్రవరి 20న ఫ్రెండ్‌షిప్ 7లో భూమి చుట్టూ మూడు సార్లు తిరిగిన గ్లెన్. వెంట తీసుకెళ్ళిన కెమెరాల్లో ఒకటి ఫ్లోరిడాలోని కోకో బీచ్‌లో, మందుల షాపులో కొన్నది. మినోల్టా వాళ్ళు తయారుచేసి ఇచ్చింది, ఆన్‌స్కో ఆటోసెట్ పేరుతో అమ్మేవారు. అదీ రేంజ్‌ఫైండరే. చేతులకి మందపాటి గ్లవ్స్, తలకి హెల్మెట్. ఒక్క చేత్తో తీయాలి. నాసా సాంకేతిక నిపుణులు ఏం చేశారంటారా? కెమెరాని తలకిందులు చేసి, కిందకి వచ్చిన మీట దగ్గర పిస్తోలు పిడీ ట్రిగ్గరూ పెట్టి, పైన వేరే వ్యూఫైండరు అమర్చారు. స్మిత్సోనియన్ వారి ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియం సేకరణలో ఉందది.

ఫొటో తెచ్చి నాన్నగారికి చూపించాను. చాలాసేపు చూశారు. పిడి మీద వేలు పెట్టి "నీది" అన్నారు. తలకిందులైన కెమెరా మీద పెట్టి "నాది" అన్నారు. నాసా మా ఇద్దరికీ చెరి సగం మార్కులు వేసిందని నేను సంతోషించాను.

సమయం అయిందని నిర్వాహకులు సైగ చేస్తున్నారు. ఒక్క మనవి. నాన్నగారు ఈ మూడు రోజులూ ఇక్కడే ఉంటారు. అదిగో, ఎడమవైపు రెండో వరస చివర, చక్రాల కుర్చీలో. కాసేపటి క్రితం కెమెరా నా దగ్గర్నుంచి తీసుకున్నారు కూడా. భోజనాల దగ్గర మీ ఫొటో తీయబోతే కాస్త ఆగండి, ముందుకీ వెనక్కీ వంగి చూసుకుంటారు. "మాస్టారూ, కెమెరా తిరగేసి పట్టుకున్నారు" అని మాత్రం దయచేసి ఎవరూ చెప్పబోకండి. పొద్దున్నుంచి ఇప్పటికే నలుగురు చెప్పారట.